ఆటలో అరటిపండు: ఆన్‌లైన్ జట్టు ఆటల్లో కొత్తవారి ప్రవేశం - ఒక భాషాపరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగువారి పెరటి ఆటల్లో కొత్తగా చేరిన పసివాడికి 'ఆటలో అరటిపండు' అనే ప్రత్యేకస్థానం ఉండేది. ఆ పిల్లవాడు ఆడతాడు గానీ, అతని గెలుపు ఓటములు లెక్కలోకి రావు. ఆన్‌లైన్ జట్టు ఆటల్లో ఈ స్థానం ఏమైంది? కొత్తవారిని జట్టులోకి తీసుకునే పనిని యంత్రం ఎంతవరకు చేస్తోంది, మనుషులు ఎంతవరకు చేస్తున్నారు? ఆ పనిలో తెలుగు భాష పాత్ర ఏమిటి? విజయవాడలోని ఒక కళాశాలలో తన విద్యార్థుల జట్టులో కొత్త ఆటగత్తెగా చేరిన వ్యాసకర్త స్వీయానుభవం ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆట అమరికలోని పదజాలం, జట్టు సంభాషణలోని క్రియాపదాలు, గౌరవవాచకాలు, లింగబోధ అనే అంశాలు ఇందులో ప్రధానంగా చర్చించబడ్డాయి.

కీలకపదాలు: ఆన్‌లైన్ ఆటలు, జట్టు, పంటలు, ఉద్దులు, అరటిపండు, గౌరవవాచకాలు, కృష్ణా డెల్టా, వాడుకభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో 'జట్టు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఆటలో ఒక పక్షం జట్టు. స్నేహం కూడా జట్టే. "నీతో జట్టు ఉండను పో" అన్న పిల్లవాడు ఆట మానేస్తున్నానని మాత్రమే చెప్పడం లేదు, స్నేహం తెంచుకుంటున్నానని కూడా చెబుతున్నాడు. జట్టులో చేరడమంటే నలుగురి స్నేహంలో చోటు సంపాదించుకోవడమని ఈ మాటే సూచిస్తుంది. కాబట్టి జట్టులోకి కొత్తవారు ఎలా ప్రవేశిస్తారన్న ప్రశ్న ఆటలకు మాత్రమే పరిమితమైనది కాదు.

విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్న నేను, ముప్పై ఏళ్ళు దాటిన తరువాత మొదటిసారి ఒక ఆన్‌లైన్ జట్టు ఆటలో చేరాను. పిల్లల మాటల్లో వినబడే కొత్త పదజాలాన్ని గురించి తరగతిలో అడిగినప్పుడు, "చెబితే తెలియదు మేడమ్, ఆడితే తెలుస్తుంది" అని ఒక విద్యార్థి అన్నాడు. ఆ మాటే ఈ పరిశీలనకు మూలం. అవనిగడ్డ, గుడివాడ, తెనాలి ప్రాంతాల నుంచి వచ్చి నగరంలో హాస్టళ్ళలో ఉంటున్న ముగ్గురు విద్యార్థులు, నేను కలిసి నలుగురి జట్టయ్యాము. మేము ఆడినది, నలుగురు ఒక పక్షంగా మైదానంలో దిగి చివరిదాకా మిగలడానికి పోరాడే తరహా ఆట. దాని పేరు ఈ చర్చకు అవసరం లేదు. కొన్ని నెలలపాటు ఆడుతూ, విన్న మాటలను ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఇది సర్వే కాదు. ఒక జట్టు మాటతీరును లోపలి నుంచి చూసి చేసిన వివరణ మాత్రమే.

2. ఆట ఫోనులోకి వచ్చిన క్రమం:

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత మొబైల్ డేటా ధరలు బాగా తగ్గాయి. డెల్టా గ్రామాల్లోని యువకుల చేతికి కూడా ఆన్‌లైన్ ఆటలు అందుబాటులోకి వచ్చాయి. 2018లో విడుదలైన పబ్‌జీ మొబైల్ ఈ ప్రాంతంలో కాలేజీ కుర్రవాళ్ళ సాయంకాలాలను ఆక్రమించింది. 2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో లూడో కింగ్ ఇంటింటి ఆట అయింది. పచ్చీసు, అష్టాచమ్మా తెలిసిన అమ్మమ్మలకు ఆ ఆటను ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. వారికి నేర్పవలసి వచ్చినదల్లా, 'రూమ్ కోడ్' ఎక్కడ నొక్కాలో మాత్రమే. కొత్త ఆటలో కష్టం ఆట నియమాల్లో కాక, ఆటలోకి వెళ్ళే ద్వారం దగ్గర ఉంటుందని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వచ్చింది. 2022 జులైలో అదీ తొలగించబడి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించాలని ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2020 సెప్టెంబరులోనే నిర్ణయించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ఒకవైపు ఉంచి, డబ్బు ఆటలను వేరుచేసి నిషేధించింది. తెలుగులో 'ఆట', 'జూదం' అనే వేర్వేరు మాటలు ఎప్పటి నుంచో ఉన్నాయి. అయినా పేకాట క్లబ్బులను, సంక్రాంతి కోడిపందేలను చూసిన డెల్టా పెద్దల దృష్టిలో, ఫోను పట్టుకుని అర్ధరాత్రి దాకా కూర్చున్న కొడుకు ఆడుతున్నది ఆటా, జూదమా అన్న అనుమానం సులభంగా తీరదు. ఈ వ్యాసం డబ్బు ప్రమేయం లేని జట్టు ఆటలకే పరిమితం.

3. పెరటి ఆటల్లో ప్రవేశమర్యాదలు:

తెలుగువారి ఆటల పేర్లను అయ్యలరాజు నారాయణామాత్యుని 'హంసవింశతి' పెద్ద పట్టికగా చెప్పింది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) వివిధ యుగాల ఆటలను చర్చించింది. పేర్లు, ఆడే పద్ధతులు ఇలా నమోదయ్యాయి గానీ, ఆట మొదలయ్యే ముందు జరిగే తతంగంపై పరిశోధకుల దృష్టి తక్కువగా పడింది. ఆ తతంగంలో మూడు ఏర్పాట్లు ముఖ్యమైనవి.

మొదటిది పంటలు వేయడం. ముగ్గురు చేతులు కలిపి ఒక్కసారిగా అరచేతిని వెల్లకిలానో బోర్లానో వేస్తారు. మిగిలిన ఇద్దరికంటే భిన్నంగా వేసినవాడు 'పంట'. అతను బయటపడతాడు. చివరికి మిగిలినవాడు దొంగ. ఎవరి బలం, బలగం దీనిలో పనిచేయవు.

రెండవది ఉద్దులు. 'ఉద్ది' అంటే సాటి, జత. ఆటలో సమానబలం గల ఇద్దరు ఉద్దులుగా ఏర్పడి, పక్కకు వెళ్ళి రహస్యంగా పేర్లు పెట్టుకుని నాయకుల దగ్గరకు వస్తారు. ఒక నాయకుడు ఒక పేరు కోరుకుంటాడు. ఆ పేరుగలవాడు అతని పక్షం, రెండోవాడు అవతలి పక్షం. దీనివల్ల రెండు జట్లూ సమంగా వస్తాయి. తనను ఎవరూ కోరుకోలేదన్న చిన్నతనం కూడా ఏ పిల్లవాడికీ కలగదు. కోరుకున్నది పేరునే గాని మనిషిని కాదు.

మూడవది అరటిపండు. చెల్లినో తమ్ముణ్ణో చంకన వేసుకుని ఆటకు వచ్చే అక్కలు ప్రతి వీధిలోనూ ఉండేవారు. ఆ పసివాళ్ళను ఆట నుంచి తప్పిస్తే ఏడుస్తారు, చేర్చుకుంటే ఆట చెడుతుంది. అందుకు పిల్లలు కనిపెట్టిన ఉపాయం 'ఆటలో అరటిపండు'. వాడు అందరితో పరుగెడతాడు, దాక్కుంటాడు, పట్టుబడతాడు, కానీ దొంగ కాడు. ఏదో ఒకనాడు, "ఇక నువ్వు పెద్దాడివయ్యావు, నువ్వూ పంటలెయ్యి" అని జట్టే చెబుతుంది. ఆ రోజు నుంచి వాడికి మినహాయింపు ఉండదు. పెద్దల వ్యవహారంలో ఈ పదబంధం, లెక్కలోకి రాని మనిషి అనే ఎగతాళి అర్థంలో మిగిలింది. పిల్లల ఆటలో మాత్రం అది నేర్చుకునే గడువు.

జట్టులోకి వచ్చే కొత్తవారిపై అనుమానం కూడా మన సాహిత్యానికి కొత్త కాదు. భాగవతం దశమస్కంధంలో ప్రలంబాసురుడు గోపాలకుని వేషంలో కృష్ణబలరాముల ఆటలో చేరతాడు. ఓడినవారు గెలిచినవారిని మోయాలన్నది ఆ ఆట నియమం. ఆ నియమాన్నే ఆసరాగా చేసుకుని అతను బలరాముణ్ణి ఎత్తుకుపోతాడు. కృష్ణుడికి అతనెవరో ముందే తెలుసు. తెలిసీ జట్టులోకి రానిస్తాడు. వచ్చినవాణ్ణి చేర్చుకోవడం, అతనిపై కన్నేసి ఉంచడం, ఈ రెండూ కలిసిన జాగ్రత్త ప్రతి జట్టుకూ అవసరమే.

4. అమరిక - ద్వారం దగ్గరి భాష:

పెరటి ఆటకు అమరిక అంటే మట్టిలో గీత గీయడం. ఆన్‌లైన్ ఆటకు అమరిక ఒక సాయంకాలం పని. దించుకోవడం, ఖాతా తెరవడం, మైకుకు అనుమతి ఇవ్వడం, సర్వరు ఎంచుకోవడం, చిత్రాల నాణ్యత తగ్గించడం, బొత్తాల స్థానాలు మార్చుకోవడం, జట్టు ఆహ్వానాన్ని అంగీకరించడం - నేను చేసిన పనుల వరుస ఇది. మా తెర మీద ఈ వరుసంతా ఆంగ్లంలోనే ఉంది. తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చిన నాకు ఇందులో నా చదువు ఎందుకూ పనికిరాలేదు.

ఆ పేర్లను నా విద్యార్థులు తెలుగులోకి అనువదించలేదు. పేర్లను అలాగే ఉంచి, వాటి పనిని తెలుగులో చెప్పారు. 'సెన్సిటివిటీ' అంటే ఏమిటని అడిగితే, "సైకిల్ హ్యాండిల్ బిగుసుగా ఉంటే తిరగదు, మరీ వదులుగా ఉంటే కాలవలోకి పోతాం. మీ చేతికి ఎంత వదులు కావాలో అంత పెట్టుకోవాలి" అని గుడివాడ విద్యార్థి చెప్పాడు.

'పింగ్' గురించి అవనిగడ్డ విద్యార్థి ఇచ్చిన వివరణ ఇంకా గమనించదగినది. మన ఫోను పంపిన సంకేతం సర్వరును చేరి జవాబుతో తిరిగి రావడానికి పట్టే కాలం పింగ్. దీనిని మిల్లీసెకన్లలో కొలుస్తారు. "మాది ఎక్కువ వేగం ఉన్న ప్లానే కదా, మరి ఆట ఎందుకు ఆగుతోంది?" అన్న నా ప్రశ్నకు అతను చెప్పినది ఇది: "బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తగానే మా దివిసీమ శివారు పొలానికి నీళ్ళు రావు కదా మేడమ్. కాలవ ఎంత వెడల్పన్నది వేరు, నీళ్ళు ఎంతసేపటికి వస్తాయన్నది వేరు." సాంకేతికగ్రంథాలు సామర్థ్యం, జాప్యం అనే రెండు భావనలుగా చెప్పే భేదాన్ని, ప్రకాశం బ్యారేజీకి దిగువన శివారు రైతు ఇంట పుట్టిన కుర్రవాడు ఒక్క వాక్యంలో విడదీశాడు. సినిమాను దించుకోవడానికి కాలువ వెడల్పు చాలు. ఆటకు నీరు వెంటనే రావాలి.

ఈ ఉపమానాన్ని పట్టుకుని తరువాత నేను ఒక లెక్క వేసుకున్నాను. ఫైబరు తీగలో కాంతివేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. విజయవాడకూ అమెరికాలోని డల్లాస్‌కూ దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. తీగ తిన్నగా ఉందనుకున్నా, వెళ్ళిరావడానికి 140 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలు తిన్నగా ఉండవు కనుక నిజంగా పట్టేది అంతకంటే ఎక్కువ. డల్లాస్‌లోని అన్నయ్య, కంకిపాడులోని తమ్ముడు ఒకే జట్టులో ఆడితే ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ శివారు రైతే. ఇంటింటా ఒకరు విదేశంలో ఉన్న ఈ ప్రాంతంలో ఇది ఊహించి చెప్పిన ఉదాహరణ కాదు.

5. యంత్రం కట్టే ఉద్దులు:

ఉద్దులు కట్టే పనిని ఆన్‌లైన్ ఆటల్లో యంత్రం చేస్తుంది. ఆటగాడి గత ఫలితాలను బట్టి అంతస్తు నిర్ణయించి, దాదాపు అదే అంతస్తువారితో పోటీ పెడుతుంది. ఇటువంటి అనేక ఆటల్లో, ప్రారంభస్థాయి పోటీలలో ఎదుటివారు అందరూ మనుషులు కారు. యంత్రమే నడిపే బొమ్మ ఆటగాళ్ళు, అంటే బాట్‌లు, వారిలో కలిసి ఉంటారు. అవి నెమ్మదిగా కదులుతాయి, గురి తప్పుతాయి. కొత్తవాడు గెలుస్తాడు.

ఇది యంత్రం ఇచ్చే అరటిపండు స్థానమని చెప్పవచ్చు. అయితే రెండింటికీ మధ్య ముఖ్యమైన భేదాలున్నాయి. పెరటిలో మినహాయింపు ఇచ్చేది మనల్ని ఎరిగినవారు. అది వారికి కొంత కష్టం కలిగించేదే అయినా ఇస్తారు. యంత్రం ఇచ్చే మినహాయింపు, కొత్తవాడు విసిగిపోయి ఆట వదలకుండా ఉండడానికి చేసిన వ్యాపారపు ఏర్పాటు. పెరటిలో మినహాయింపు ముగిసిన రోజు పిల్లవాడికి మాటతో తెలుస్తుంది, అది గౌరవంగా కూడా తోస్తుంది. యంత్రం ఏమీ చెప్పదు. నేను మొదటి మూడు రోజులు వరుసగా గెలిచి, నాలో ఏదో నైపుణ్యం దాగి ఉందని నమ్మాను. నాలుగో రోజు నుంచి దిగిన నిమిషానికే చనిపోవడం మొదలైంది. "ఇన్నాళ్ళూ మీరు చంపినవాళ్ళు మనుషులు కారు మేడమ్" అని విద్యార్థులు నవ్వు ఆపుకుంటూ చెప్పవలసి వచ్చింది.

ఆ తరువాతనే అసలైన అరటిపండు స్థానం దొరికింది. దాన్ని ఇచ్చింది ఆ ముగ్గురు. "మీరు మా వెనకే రండి. తుపాకీ లేకపోయినా పరవాలేదు, మందుల సంచి మాత్రం ఏరుకోండి" అన్నారు. నా కోసం వారు తమ అంతస్తు పడిపోవడానికి సిద్ధపడ్డారు. యంత్రం లెక్కలో నాకు మినహాయింపు లేదు. వారి లెక్కలో ఉంది.

6. జట్టు సంభాషణ - భాషావిశేషాలు:

6.1. గౌరవవాచకం, సమయం: తెలుగులో ఆజ్ఞార్థక క్రియ చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఉన్న అంతరాన్ని తప్పనిసరిగా తెలుపుతుంది. 'రా' అనాలో 'రండి' అనాలో నిర్ణయించుకోకుండా పిలవడం సాధ్యం కాదు. మొదటి రోజుల్లో నా విద్యార్థులు, "మేడమ్, అటువైపు వెళ్ళకండి, ఎడమచేతి వైపు గోడ వెనకాల ఒకడున్నాడు" అని పూర్తి వాక్యం చెప్పేవారు. వాక్యం పూర్తయ్యేసరికి నేను చనిపోయి ఉండేదాన్ని. వారిలో వారు మాత్రం "రేయ్, పడుకో", "మామా, వెనక్కి రా" అని రెండు మాటల్లో ముగించేవారు. గురువును 'రా' అనలేరు, 'రండి' అనే వ్యవధి లేదు.

రెండు వారాల్లో ఈ చిక్కుకు పరిష్కారం దానంతట అదే ఏర్పడింది. వారు క్రియనే వదిలేశారు. "మేడమ్, ఎడమ!", "వెనక!", "గోడ, గోడ!", "కింద!" - దిక్కులు, స్థలాలు తెలిపే నామాలు, అవ్యయాలు మాత్రమే మిగిలాయి. క్రియ లేనప్పుడు గౌరవలోపం లేదు, ఆలస్యమూ లేదు. తెలుగువాక్యం క్రియారహితంగా కూడా నిలుస్తుందని వ్యాకరణాల్లో చదువుకుంటాము. మర్యాదను, ప్రాణాన్ని ఒకేసారి కాపాడుకోవడానికి ఆ వెసులుబాటును వాడుకోవడం నేను అక్కడే చూశాను.

6.2. అవు, చేయు: ఆంగ్లక్రియలు తెలుగులోకి నేరుగా క్రియలుగా రావు. వాటికి 'అవు', 'చేయు' వంటి తెలుగుక్రియ తోడు కావాలి. జాయిన్ అవ్వడం, కనెక్ట్ అవ్వడం అకర్మకాలు. ఇన్వైట్ చేయడం, మ్యూట్ చేయడం సకర్మకాలు. ఈ భేదం జట్టులో నింద ఎవరిదో తేలుస్తుంది. "ఆట మధ్యలో ఎగ్జిట్ అయిపోయింది" అంటే తప్పు ఫోనుది. "ఎగ్జిట్ చేశాడు" అంటే తప్పు మనిషిది. ఓడిన ప్రతి ఆట తరువాత జరిగే వాదమంతా, ఒకరు 'అయింది' అనడం, మరొకరు 'చేశావు' అనడం మధ్యనే నడుస్తుంది. పాత ఆటల్లో 'తొండి' అన్న ఒక్క మాట చేసిన పనిని ఇప్పుడు ఈ రెండు సహాయక్రియలు పంచుకున్నాయి.

'అవు', 'చేయు' కాక ఇతర తెలుగుక్రియలు కూడా ఆంగ్లనామాలతో జతకడతాయి. లూట్ కొట్టడం, కవర్ ఇవ్వడం, స్మోక్ వేయడం, రివైవ్ పెట్టడం వంటివి నేను విన్నాను. పూర్తి తెలుగు మాటలూ ఉన్నాయి. దెబ్బతిని పడిపోయిన ఆటగాణ్ణి సహచరుడు వచ్చి బతికించే అవకాశం ఈ ఆటలో ఉంది. ఆ సమయంలో వినబడే కేక "లేపు, లేపు!". చెడుగుడు ఆడిన తెలుగువారికి ఈ వరస పరిచితమే. చెడుగుడు బరిలో కూడా 'చచ్చాడు', 'బతికాడు' అనే మాటలే వాడేవారు. అవతలివాడు ఒకడు చస్తే ఇవతలివాడు ఒకడు బతికేవాడు. మాటలు బరి నుంచి తెర మీదకు నడిచి వచ్చాయి.

6.3. వాడు: తెర మీద దూరంగా కదిలే ఆకారం స్త్రీయో పురుషుడో తెలియదు. అయినా అందరి నోటా అది "వాడు", "ఒకడున్నాడు". తెలియని ఆటగాడు మగవాడే అన్నది భాషలో ముందే చేసుకున్న ఊహ. అవతలి జట్లవారు నన్ను కూడా అలాగే అనుకుని ఉంటారు. మరోవైపు తెలుగు ఉత్తమపురుష క్రియలో లింగభేదం లేదు. 'వస్తున్నాను' అని రాస్తే, రాసినది స్త్రీయో పురుషుడో తెలియదు. హిందీలో ఆ మాట రాయగానే తెలిసిపోతుంది. కనుక రాతలో తెలుగు ఆటగత్తెకు కొంత మరుగు దొరుకుతుంది. గొంతు విప్పగానే ఆ మరుగు పోతుంది.

7. అపరిచితుల మధ్య:

జట్టులో ఒకరు తక్కువైనప్పుడు యంత్రం అపరిచితుణ్ణి చేరుస్తుంది. మైకు తెరుచుకోగానే నేను ఎక్కువగా విన్న మొదటి ప్రశ్న "తెలుగేనా?". అవునంటే రెండవ ప్రశ్న "ఏ ఊరు?". మూడవ మాటకే వరస కలుస్తుంది. 'బ్రో' అన్నవాడు 'అన్నా' అంటాడు, ఒక్క గెలుపు తరువాత 'మామా' అంటాడు. ముఖం తెలియని మనిషిని జట్టులో కలుపుకోవడానికి తెలుగువారికి బంధువాచకమే ఇప్పటికీ దగ్గరి దారి.

ఈ దారి అందరికీ సమానంగా తెరిచి లేదు. ఒక రాత్రి నా విద్యార్థులు లేనప్పుడు, నలుగురూ అపరిచితులైన జట్టులో పడ్డాను. నా గొంతు వినగానే క్షణం నిశ్శబ్దం. ఆ తరువాత ఒకరు "అక్కా, జాగ్రత్తగా మా వెనక రా" అన్నారు. ఇంకొకరు ఆట వదిలి నా వయసు, పెళ్ళి, ఫోను నంబరు అడగడం మొదలుపెట్టారు. జవాబివ్వకపోయేసరికి మాట బూతులోకి దిగింది. నేను మైకు ఆపేశాను. మరునాడు తరగతిలో ఈ సంగతి చెబితే, ఆడే అమ్మాయిలు ఇద్దరు మాత్రమే ఆశ్చర్యపోలేదు. "మేము ఎప్పుడూ మైకు తెరవం మేడమ్" అన్నారు.

మాటతో నడిచే జట్టులో మాట లేకుండా ఆడేవారు ఎప్పటికీ అరటిపండుగానే మిగిలిపోతారు. వారికి హెచ్చరిక వినిపిస్తుంది గానీ, వారు హెచ్చరించలేరు. నేర్చుకోవడానికి ఇచ్చిన గడువు వేరు, నోరు నొక్కడం వల్ల మిగిలిన స్థితి వేరు. ఇక్కడ 'అరటిపండు' అన్న మాట తన ఎగతాళి అర్థంలోకి జారుతుంది. దీన్ని కొత్తదనం సమస్యగా చూడకూడదు. ఆ అమ్మాయిలలో ఒకరు నాకంటే నాలుగేళ్ళు ముందు నుంచి ఆడుతున్నారు.

8. ఆపలేని ఆట:

మా చిన్నప్పటి ఆటల్లో 'టైం ప్లీజ్' అనే అభయం ఉండేది. అమ్మ పిలిచినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా ఆ మాట అంటే అందరూ ఆగేవారు. ఆన్‌లైన్ ఆటలో ఆ మాటకు చోటు లేదు. మేమాడిన తరహా ఆట ఒక విడత సుమారు అరగంట. మధ్యలో లేచిపోతే మిగిలిన ముగ్గురూ నష్టపోతారు. తల్లి అన్నానికి పిలిచినప్పుడు కొడుకు కదలకపోవడానికి వ్యసనం ఒక్కటే కారణమని అనుకునేదాన్ని. కొన్నిసార్లు అది జట్టుకు ఇచ్చిన మాట కూడా అని లోపలికి వెళ్ళాక తెలిసింది. నేనే ఒకసారి పొయ్యి మీది పాలను పొంగిపోనిచ్చాను.

దీనివల్ల వ్యసనం లేదని చెప్పడం లేదు. నా విద్యార్థుల్లో ఒకరు హాజరు తగ్గి పరీక్ష రాయలేకపోయిన సందర్భం ఉంది. అయితే "ఇంకెన్ని నిమిషాలుంది?" అని అడిగే తల్లికీ, "వెంటనే కట్టెయ్" అనే తల్లికీ ఇంట్లో వచ్చే ఫలితం వేరుగా ఉంటుంది. మా జట్టు దీనికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఆట మొదలుపెట్టే ముందే ఎవరికి ఏ పని ఉందో అడగడం, హాస్టలు భోజనం గంటకు ముందు కొత్త విడత మొదలుపెట్టకపోవడం. యంత్రంలో లేని 'టైం ప్లీజ్'ను మనుషులు ఆటకు ముందుకు జరుపుకున్నారు.

9. అరటిపండు స్థానం ముగిసిన రోజు:

సుమారు మూడు నెలల తరువాత ఒక ఆటలో అవనిగడ్డ విద్యార్థి నాకు పది అడుగుల దూరంలో పడిపోయాడు. "లేపండి మేడమ్" అన్నాడు. నేను భయపడి గోడ చాటునే ఉండిపోయాను. అతను చనిపోయాడు, మేము ఓడిపోయాము. ఆట ముగిశాక మైకులో, "మీరెందుకు లేపలేదు మేడమ్? మీకు వచ్చు కదా!" అన్నాడు. గొంతులో నిజమైన కోపం ఉంది. మిగిలిన ఇద్దరూ అతన్ని వారించలేదు. అప్పటిదాకా నా తప్పులకు వారు నవ్వేవారు. ఆ రోజు మొదటిసారి లెక్క అడిగారు. "ఇక నువ్వూ పంటలెయ్యి" అన్న మాట నాకు ఆ రూపంలో వినబడింది.

ఆ విద్యార్థి తరగతిలో చివరి వరుసలో కూర్చుంటాడు. పదవ తరగతి దాకా తెలుగుమాధ్యమంలో చదివాడు. 2021-22 విద్యాసంవత్సరం నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులు ఆంగ్లమాధ్యమంలోకి మారాయి. ఆంగ్లంలో ఉన్న ఆట తెర ముందు నేను ఎలా నిలబడ్డానో, ఆంగ్లంలో ఉన్న పాఠ్యపుస్తకం ముందు అతను అలా నిలబడ్డాడు. నాకు పక్కన ముగ్గురు ఉన్నారు. పేరును ఆంగ్లంలోనే ఉంచి, అర్థాన్ని కాలువ నీటితో పోల్చి చెప్పారు. తప్పు చేస్తే కొన్నాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. ఆ తరువాత లెక్క అడిగారు. అతనికి మొదటి సెమిస్టరు మొదటి పరీక్ష నుంచే లెక్క మొదలైంది. ఆటలో పింగ్‌ను అంత స్పష్టంగా చెప్పిన విద్యార్థి, తరగతిలో ఏడాదిపాటు ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడానికి కారణం అతనిలోనే ఉందని నేను అంతవరకు అనుకున్నాను.

10. ముగింపు:

* ఆన్‌లైన్ జట్టు ఆటల్లో కొత్తవారికి అమరిక పెద్ద అవరోధం. దాని భాష ఆంగ్లం. ఆ అవరోధాన్ని దాటించేది పక్కవారు తెలుగులో చెప్పే వివరణ. పేరును అనువదించడం కంటే పనిని పరిచితమైన అనుభవంతో పోల్చి చెప్పడం ఇక్కడ ఎక్కువగా ఉపకరించింది.

* పెరటి ఆటల్లోని పంటలు, ఉద్దులు, అరటిపండు, టైం ప్లీజ్ అనే ఏర్పాట్లలో ఉద్దులను యంత్రం తన చేతుల్లోకి తీసుకుంది. అరటిపండును బాట్‌ల రూపంలో అనుకరించింది. టైం ప్లీజ్‌ను వదిలేసింది. యంత్రం వదిలినవాటిని, అరకొరగా చేసినవాటిని జట్టులోని మనుషులే పూరిస్తున్నారు.

* జట్టు సంభాషణలో క్రియాలోపం, అవు-చేయు భేదం, బంధువాచకాల వాడకం ఆధునిక తెలుగు వాడుకను అధ్యయనం చేసేవారికి విలువైన సామగ్రి. ఈ సామగ్రి ధ్వనిరూపంలో పుట్టి, ఆట ముగియగానే నశిస్తోంది. సేకరణ అవసరం.

* స్త్రీలు మైకు తెరవలేని స్థితి ఉన్నంతకాలం ఈ జట్లలో తెలుగు సగం గొంతులతోనే వినబడుతుంది.

ఈ పరిశీలన తరువాత నా తరగతిలో ఒక చిన్న మార్పు చేశాను. మొదటి నెలలో జరిగే చిన్న పరీక్షల మార్కులను లెక్కలోకి తీసుకోవడం లేదు. ఎందుకని అడిగిన విద్యార్థులకు, "ఈ నెల మీరు ఆటలో అరటిపండ్లు" అని చెప్పాను. అర్థం ఎవరూ అడగలేదు.